పడుగుకే గంజి

బరంపురంలో మే నెల. ఆపరేషన్ గదిలో ఏసీ
కాసేపు నడిచి, ఆగి, దగ్గి, మళ్లీ మొదలెడుతోంది.
బల్ల మీద సన్యాసమ్మ. అరవై ఎనిమిదేళ్లు.
నలభై ఏళ్లు మగ్గం గోతిలో కాళ్లాడించిన మనిషి.
మోకాళ్లు రెండూ లోపలికి ఒరిగి
ఒకదాన్నొకటి ఓదార్చుకుంటున్నట్టున్నాయి.
ఇవాళ కుడిది.

వెన్నులో మందు దిగుతుంటే
"చల్లగా ఉన్నాది బాబూ" అంది.
కాసేపాగి "ఇవి నా కాళ్లు కావు" అంది,
భయంతో కాదు, నేసిన మూర లెక్క చెప్పినట్టు.

బీపీ జారింది.
తొంభై. ఎనభై రెండు. డెబ్బై ఆరు.
నా చేతికందే దూరంలో రెండు సీసాలు.
ఒకటి రింగర్ లాక్టేట్. ఉప్పునీళ్లకు దగ్గరి చుట్టం.
అద్దెకొచ్చినవాడిలా నరంలో ఎక్కువసేపు ఉండదు,
ఎటో సర్దుకుని పోతుంది.
రెండోది స్టార్చ్. మొక్కజొన్న పిండికి
కొత్త చొక్కా తొడిగి పంపించారు.
చిక్కన. లోపలే కూర్చుంటుంది, కదలమన్నా కదలదు.
నేను రెండోది తగిలించాను.
అంకెలు లేచాయి.
నా మీద నాకు కాస్త ముచ్చట కూడా వేసింది.

ఆ తర్వాత ఇంకో సీసా.
ఎందుకంటే మొదటిది పనిచేసింది గనక.
ఇంతకంటే మంచి కారణం
ఆ రోజూ లేదు, ఈ రోజూ దొరకలేదు.

పాణిగ్రాహి గారి రంపం, సుత్తి,
కాలిన ఎముక వాసన, సిమెంటు గట్టిపడేదాకా
గదంతా ఊపిరి బిగబట్టడం.
తొడకు కట్టిన పట్టీ వదిలారు.

ధార కాదు. ధారయితే పట్టుకుని కట్టెయ్యొచ్చు.
ఊట.
గోపాలపూర్ ఇసుకలో వేలితో గుంట తీస్తే
ఎక్కణ్ణుంచని చెప్పలేకుండా నీరు చేరుతుందే, అలా.
గుడ్డ పెడితే గుడ్డ, ఇంకోటి పెడితే ఇంకోటి.
"సార్, రొక్తొ బొందొ హేఉనీ" అంది బాసంతి,
ఆగట్లేదని, నా వైపు చూడకుండా.
నేను పైకి చూశాను. సీసాలో ఇంకా సగం ఉంది.

తెలియక చేశానందామంటే
ఆ మాట నాకు చెల్లదు.
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే:
ఆ పిండి ప్లేట్‌లెట్ల మీద పూతలా పడుతుంది,
చెయ్యీ చెయ్యీ కలవనివ్వదు,
కట్టిన గడ్డ కూడా నానిన అట్టలా చితికిపోతుంది.
తెలిసిందే. తెలిసినది
బీపీ డెబ్బై ఆరున్నప్పుడు
ఏ అరలో పెట్టామో గుర్తురాదు.

సీసా తీసేశాను. రింగర్ పెట్టాను.
ట్రనెక్సామిక్ ఇచ్చాను. రక్తం కోసం కబురు పంపాను.
పెద్దబజారు వీధి నుంచి ఆవిడ మేనల్లుడు కామేశు
పట్టుదారం రంగు అంటిన వేళ్లతోనే వచ్చి
చెయ్యి చాపాడు.
సాయంత్రం ఆరింటికి డ్రెయిన్ సీసాలో
ఎనిమిది వందల మిల్లీలీటర్లు.
రాత్రి పదికి ఎనిమిది వందల నలభై.
ఆ నలభై దగ్గర నేను మొదటిసారి టీ తాగాను.

నాలుగోరోజు కుర్చీ లాక్కుని చెప్పాను.
పాణిగ్రాహి గారు వద్దన్నారు, అయినా చెప్పాను.
"అమ్మా, నీ నెత్తుట్లో గంజిలాంటిది ఎక్కించాను.
దానివల్ల కొంత ఎక్కువ పోయింది."
ఆవిడ చాలాసేపు నన్నే చూసింది,
తప్పు నేత పట్టుకున్న పెద్దమ్మ
కుర్ర నేతగాణ్ణి చూసినట్టు.

"పడుగుకి కదా బాబూ గంజి?
బిర్రుగా నిలబడేది దానికి కావాల.
పేకకి ఎట్టకూడదు. అది అటూ ఇటూ తిరిగేది,
మెత్తగా ఉంటేనే ఒకదానికొకటి కరుసుకుంటాది.
నెత్తురు పేక కాదేటి?"

ఇరవై రెండేళ్ల చదువు
ఆ మంచం పక్కన కాసేపు నిలబడి ఉంది.

తర్వాత ఆవిడే మాట మార్చింది.
"గోతిలో కాళ్లెట్టుకోవచ్చా మరి?"
వంచి చూపించమన్నాను. డెబ్బై డిగ్రీలు.
తొంభై వస్తే పెట్టొచ్చన్నాను.
"ఎడమది ఎప్పుడు?" అంది.
చలికాలం, అన్నాను.
"నువ్వే రా" అంది.

అది క్షమించడమో, కాపలా కాయడమో
ఇప్పటికీ తేల్చుకోలేదు.